వెతకవద్దు, దాచవద్దు, చాటవద్దు
(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఏటా ఈ వేదిక మీద నన్ను పిల్లల చదువు గురించి మాట్లాడమంటారు. ఈసారి కార్యదర్శిగారు మన కంప్యూటర్ కేంద్రం గురించి చెప్పమన్నారు. మీ విరాళాలతో కొన్న కంప్యూటర్లు కొన్ని, మీ ఆఫీసుల్లో, ఇళ్లలో వాడి ఇచ్చినవి కొన్ని అక్కడ ఉన్నాయి. సాయంత్రం పూట పిల్లలు టైపింగు నేర్చుకుంటారు, ట్యాలీ నేర్చుకుంటారు, ఉద్యోగాలకు దరఖాస్తులు పెడతారు. అల్హమ్దులిల్లాహ్. అయితే ఆ మంచి పని జరిగే గదిలోనే ఒక ప్రశ్న కూడా కూర్చుని ఉంది. ఆ ప్రశ్న మనల్ని అడగకముందే మనమే దాన్ని అడగడం మంచిదని నా ఉద్దేశం. రేపు ఆ కంప్యూటర్లలో ఒకదానిలో చట్టం నిషేధించినది ఏదైనా కనబడితే మనం ఏం చేస్తాం?

చట్టం నిషేధించినవి చాలా ఉంటాయి. వాటన్నింటిలోకీ ఘోరమైనది పసిపిల్లల మీద జరిగిన లైంగిక అకృత్యాల బొమ్మలు, వీడియోలు. ఈ మాట ఎత్తడానికి సభలో మనకు సిగ్గనిపిస్తుంది. కానీ పెద్దలు సిగ్గుపడి మాట్లాడని చోటే పిల్లలు దిక్కులేనివారవుతారు. అలాంటి ప్రతి బొమ్మ వెనుకా ఒక బిడ్డ ఉంది. ఆ బొమ్మ జరిగిపోయిన ఒక నేరానికి గుర్తు. దాన్ని చూసిన ప్రతిసారీ, పంపిన ప్రతిసారీ ఆ బిడ్డకు మళ్లీ అన్యాయం జరుగుతుంది.

కాబట్టి అలాంటిది కనబడితే మన ముందు రెండు బాధ్యతలు నిలబడతాయి. ఆ బిడ్డకు న్యాయం జరగాలి, ఇది ఒకటి. ఆ కంప్యూటర్ ఎవరిదో, ఎవరు వాడుతున్నారో ఆ మనిషికి కూడా న్యాయం జరగాలి, ఇది రెండోది. చాలామంది ఈ రెండింటిలో ఏదో ఒకటే సాధ్యమనుకుంటారు. రెండూ ఒకే పద్ధతితో సాధ్యమని చెప్పడానికే నేను ఇవాళ నిలబడ్డాను.

ముందు బిడ్డ వైపు నుంచి చూద్దాం. ఇంగ్లండులో గ్యారీ గ్లిట్టర్ అనే పేరున్న గాయకుడు ఉండేవాడు. 1997లో అతను తన కంప్యూటర్‌ను రిపేరు కోసం దుకాణంలో ఇచ్చాడు. రిపేరు చేసేవారికి అందులో పిల్లల అశ్లీల దృశ్యాలు కనబడ్డాయి. వారు పోలీసులకు చెప్పారు. 1999లో అతను నేరం ఒప్పుకున్నాడు, 4 నెలల జైలుశిక్ష పడింది. చిన్న శిక్షే. కానీ ఆ తర్వాత 2006లో వియత్నాంలో ఇద్దరు చిన్న బాలికలతో అసభ్యంగా ప్రవర్తించినందుకు శిక్ష పడింది. 2015లో ఎప్పుడో దశాబ్దాల కిందటి అత్యాచారాలకు బ్రిటన్ న్యాయస్థానం 16 ఏళ్ల శిక్ష వేసింది. ఆ రిపేరు మనుషులు "పెద్దవాళ్ల సంగతి మనకెందుకులే" అనుకుని ఉంటే, ఆ మనిషి ఎలాంటివాడో లోకానికి ఇంకెన్నాళ్లకు తెలిసేదో!

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. ఇదీ రిపేరు దుకాణం సంగతే. అమెరికాలో కాలిఫోర్నియాకు చెందిన ఒక వైద్యుడు 2011లో తన కంప్యూటర్‌ను బెస్ట్ బై అనే పెద్ద దుకాణంలో బాగుచేయడానికి ఇచ్చాడు. వారి రిపేరు కేంద్రంలో ఒక ఉద్యోగికి అందులో ఒక బాలిక నగ్న చిత్రం కనబడింది. అది మామూలుగా తెరిస్తే కనబడే చోట లేదు. ఫైళ్లు చెరిపేసిన తర్వాత వాటి అవశేషాలు మిగిలి ఉండే భాగంలో ఉంది. అక్కడున్న బొమ్మను బట్టి అది ఎప్పుడు వచ్చిందో, ఎవరు తెచ్చారో, యజమాని దాన్ని అసలు చూశాడో లేదో తేల్చడం చాలా కష్టం. ఎఫ్‌బీఐ రంగంలోకి దిగింది, ఆయన ఇల్లు సోదా చేసింది. విచారణలో ఇంకో సంగతి బయటపడింది. ఆ రిపేరు సంస్థ ఉద్యోగుల్లో కొందరికి ఎఫ్‌బీఐ డబ్బు ముట్టజెప్పింది. సోదా వారెంటు కోసం న్యాయమూర్తికి ఇచ్చిన ప్రమాణపత్రంలో తప్పుదారి పట్టించే మాటలున్నాయని తేలింది. 2017లో న్యాయస్థానం ఆ సోదాలో దొరికిన రుజువులన్నింటినీ పక్కన పెట్టేసింది. కేసు అక్కడితో కూలిపోయింది.

ఈ కేసులో ఆ వైద్యుడు దోషా, నిర్దోషా అనే చర్చ నేను చేయను. ఒక్క మాట గమనించండి. ఆయన దోషి అయితే, సోదా నియమాలు తప్పినందువల్ల దోషి తప్పించుకున్నాడు. నిర్దోషి అయితే, ఏళ్ల తరబడి ఒక అమాయకుడు తలెత్తుకోలేకపోయాడు. ఎటు చూసినా ఓడిపోయింది న్యాయమే. గోప్యతను గౌరవించడమంటే నేరస్థుడికి గొడుగు పట్టడం కాదు. నిజం తేల్చే దారిని శుభ్రంగా ఉంచుకోవడం.

నేను టీచరును కాబట్టి ఒక టీచరమ్మ కథ నా మనసులో బాగా నాటుకుంది. అదీ అమెరికాలోనే, కనెక్టికట్ రాష్ట్రంలో జరిగింది. 2004 అక్టోబరులో ఆమె ఒక బడికి, సెలవులో ఉన్న టీచరు బదులుగా వెళ్లింది. ఏడో తరగతి గది. గదిలో కంప్యూటర్ ఉంది. దాన్ని ఆపివేయవద్దని ఆమెకు చెప్పారు. తెర మీద అశ్లీల ప్రకటనలు ఒకదాని వెనుక ఒకటి వాటంతటవే తెరుచుకోవడం మొదలైంది. ఒకటి మూస్తే ఇంకొకటి. పిల్లలు చూశారు. ఇంటికి వెళ్లి చెప్పారు. ఆమెను ఉద్యోగం నుంచి తీసేశారు, కేసు పెట్టారు. 2007 జనవరిలో జ్యూరీ ఆమెను దోషిగా తేల్చింది. శిక్ష 40 ఏళ్ల దాకా పడే అవకాశం ఉండింది.

అప్పుడు కంప్యూటర్ భద్రత తెలిసిన నిపుణులు కొందరు, ఎవరూ అడగకుండానే, ఆ కేసును పట్టించుకున్నారు. ఆ బడి కంప్యూటర్ పాతది. అసభ్యమైన వాటిని అడ్డుకునే ఫిల్టరుకు బడి కట్టవలసిన చందా గడువు తీరిపోయింది. యంత్రంలో హానికర ప్రోగ్రాములు చేరి ఉన్నాయి. అవే ఆ ప్రకటనలను తెస్తున్నాయి. పోలీసులు ఆ ప్రోగ్రాముల కోసం సరిగా పరీక్ష చేయనేలేదు. 2007 జూన్‌లో న్యాయమూర్తి ఆ తీర్పును రద్దుచేసి మళ్లీ విచారణ జరపమన్నారు. చివరకు 2008 నవంబరులో ఆమె ఒక చిన్న నేరాన్ని ఒప్పుకుని 100 డాలర్ల జరిమానా కట్టి, టీచరు లైసెన్సు వదులుకుని బయటపడింది. నాలుగేళ్ల వేదన ముగిసింది. బడి మాత్రం ఆమెకు ఇక లేదు.

మసాచుసెట్స్ రాష్ట్రంలో ఒక ప్రభుత్వోద్యోగి సంగతి కూడా చెబుతాను. ఆఫీసువారు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో పిల్లల అశ్లీల చిత్రాలు దొరికాయని 2007లో ఆయనను ఉద్యోగం నుంచి తీసేశారు, కేసు పెట్టారు. స్నేహితులు ముఖం చాటేశారు. ఆయన, ఆయన భార్య కూడబెట్టుకున్నదంతా లాయర్లకు, పరీక్షలకు ఖర్చయిపోయింది. ఆయన తరఫు నిపుణులు పరీక్షించి చూస్తే ఆ ల్యాప్‌టాప్ నిండా వైరస్‌లు ఉన్నాయి. మనిషి ప్రమేయం లేకుండానే అది నిమిషానికి పదుల సంఖ్యలో వెబ్‌సైట్లను తెరుస్తోంది. ప్రభుత్వం తరఫు పరీక్ష కూడా అదే చెప్పింది. 2008 జూన్‌లో కేసు ఎత్తేశారు.

సోదరులారా, ఈ రెండు కథల్లో పరీక్ష చేయక ముందే తీర్పు వచ్చేసింది. కంప్యూటర్ "ఇక్కడ ఇది ఉంది" అని మాత్రమే చెబుతుంది. "దీన్ని ఫలానావాడు తెచ్చాడు, తెలిసే తెచ్చాడు" అని చెప్పదు. ఆ రెండు మాటల మధ్య ఉన్న దూరాన్ని దాటడానికే పోలీసులు, నిపుణులు, న్యాయస్థానాలు ఉన్నాయి. ఆ దూరాన్ని మనం నోటితో దాటేస్తాం. అక్కడే అన్యాయం మొదలవుతుంది.

మన పరిస్థితికి వద్దాం. మన కేంద్రంలో ఒక కంప్యూటర్ మీద రోజుకు ఎంతమంది పిల్లలు కూర్చుంటారు? అందరికీ ఒకటే పాస్‌వర్డ్ ఉంటే, ఏ పని ఎవరు చేశారో ఎవరు చెప్పగలరు? దాతలు ఇచ్చిన పాత కంప్యూటర్‌లో పాత యజమాని ఫైళ్లు చెరిపినా అవశేషాలు మిగిలి ఉండవచ్చు. వాట్సాప్‌లో మనం సెట్టింగు మార్చుకోకపోతే, గ్రూపులో ఎవరో పెట్టిన ఫొటో మనం చూడకముందే మన ఫోనులోకి దిగిపోతుంది. వైఫై పాస్‌వర్డ్ వీధంతా తెలిస్తే వీధంతా మన పేరు మీదే ఇంటర్నెట్ వాడుతుంది. దొరికినవాడే చేసినవాడు కానక్కరలేదు.

ఇది మన ధర్మానికి కొత్త విషయం కాదు. ఎవరైనా ఒక వార్త తెస్తే విచారించి నిజం తెలుసుకోండి, లేకపోతే తెలియక ఒకరికి హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడతారని దివ్యఖుర్ఆన్ హుజురాత్ సూరా 6వ ఆయతులో హెచ్చరించింది. అదే సూరా 12వ ఆయతులో అతిగా అనుమానించడాన్ని, ఇతరుల రహస్యాలు కూపీ లాగడాన్ని, చాటున చెడు మాట్లాడుకోవడాన్ని వరుసగా నిషేధించింది. ఆ వరుస చూడండి. మొదట అనుమానం, తర్వాత కూపీ, ఆ తర్వాత చాటుమాటు కబుర్లు. మనుషుల్లో ఈ జబ్బు ముదిరే క్రమం కూడా అదే. నూర్ సూరా ఇతరుల ఇళ్లలోకి అనుమతి అడిగి, సలాము చెప్పి వెళ్లమని నేర్పింది. ఈ రోజుల్లో మనిషి ఫోను కూడా ఇల్లే. అందులో అతని తల్లి ఫొటో ఉంటుంది, భార్య మాటలుంటాయి, జబ్బు కాగితాలుంటాయి.

హజ్రత్ ఉమర్ (రజి) గురించి పెద్దలు చెప్పే ఒక వృత్తాంతం మీలో చాలామంది వినే ఉంటారు. ఒక రాత్రి ఒక ఇంట్లోంచి శబ్దాలు వినబడి ఆయన గోడెక్కి లోపలికి వెళ్లారట. అక్కడ ఒక మనిషి పాపం చేస్తూ కనబడ్డాడట. ఖలీఫా గద్దిస్తే అతను, నేను ఒక తప్పు చేశాను, మీరు మూడు చేశారు, కూపీ తీశారు, వాకిలి ఉండగా గోడెక్కారు, అనుమతి లేకుండా వచ్చారు అన్నాడట. ఉమర్ (రజి) అంతటివారు ఆ మాట విని వెనక్కి తగ్గారని చెబుతారు. పాలకుడికే ఆ హద్దు ఉంటే, కమిటీ సభ్యుడికి, టీచరుకు, పొరుగువాడికి ఉండదా?

అయితే ఒక పొరపాటు అర్థం చేసుకోకూడదు. తోటి ముస్లిము లోపాన్ని కప్పి ఉంచడం పుణ్యమని మనం వింటూ పెరిగాం. నిజమే. అది ఒక మనిషి తనకు తాను చేసుకున్న తప్పు విషయంలో. ఇంకొకరికి అన్యాయం జరిగినప్పుడు, అందులోనూ ఒక పసిబిడ్డకు జరిగినప్పుడు, కప్పడం పుణ్యం కాదు, దుర్మార్గంలో పాలుపంచుకోవడం. దుర్మార్గం చేసే సోదరుడికి సాయపడటమంటే అతని చెయ్యి పట్టి ఆపడమేనని ప్రవక్త (స) బోధించారు. మన మీదికి, మన తల్లిదండ్రుల మీదికి, దగ్గరి బంధువుల మీదికి వచ్చినా సరే న్యాయం వైపే నిలబడమని నిసా సూరా 135వ ఆయతు ఆదేశించింది. అదే సూరా 112వ ఆయతు, తాను చేసిన పాపాన్ని అమాయకుడి మెడకు చుట్టేవాడిని ఘోరమైన అపనింద మోసేవాడిగా చెప్పింది. ఈ రెండు ఆయతులనూ కలిపి చదువుకోవాలి. ఒకటి దాచవద్దంటుంది, ఒకటి అంటగట్టవద్దంటుంది.

నేను పనిచేసిన ఒక బడిలో జరిగిన సంగతి చెబుతాను. ఊరు, పేర్లు చెప్పను. పదో తరగతి అబ్బాయి ఫోనులో తోటి విద్యార్థిని ముఖం అతికించిన అసభ్యమైన ఫొటో ఉందని గగ్గోలు లేచింది. స్టాఫ్‌రూములో ఒకాయన "ఏదీ, చూద్దాం, నిజమో కాదో తెలియాలిగా" అన్నారు. ఇంకొకాయన "నాకు పంపండి, రుజువుగా ఉంటుంది" అన్నారు. మా ప్రధానోపాధ్యాయురాలు చెయ్యి అడ్డం పెట్టారు. "ఆ అమ్మాయిని మనమందరం మరోసారి అవమానించాలా?" అన్నారు. ఫోను ఎవరూ తెరవకుండా కవరులో పెట్టించారు, అతికించి, తారీఖు, సమయం రాసి ఇద్దరు టీచర్లతో సంతకాలు చేయించారు. రెండు కుటుంబాలనూ విడివిడిగా పిలిపించి మాట్లాడారు. అదే రోజు పోలీసులకు కబురు చేస్తే ఒక మహిళా ఎస్ఐ మామూలు దుస్తుల్లో వచ్చారు.

విచారణలో తేలిందేమిటంటే, ఆ అబ్బాయి ఉన్న ఒక పెద్ద గ్రూపులో బయటివాడెవడో ఆ ఫొటో పెట్టాడు. అది అందరి ఫోన్లలోనూ దిగింది. మొదట దొరికిపోయింది ఇతను, అంతే. ఆ రోజు స్టాఫ్‌రూములో ఆ ఫొటో చేతులు మారి ఉంటే, సాయంత్రానికి ఊళ్లో ఆ అబ్బాయి నేరస్థుడు, ఆ అమ్మాయి చదువు బందు. ఇద్దరూ పరీక్షలు రాశారు. ఇద్దరూ పాసయ్యారు. ఆ పిల్లల పేర్లు ఇవాళ్టికీ ఆ బడిలో చాలామందికి తెలియవు. ఒక్క మనిషి చెయ్యి అడ్డం పెట్టినందుకు దక్కిన ఫలితం అది.

ఇక మన దేశ చట్టం ఏమంటుందో టూకీగా చెబుతాను. సమాచార సాంకేతిక చట్టం 67బి సెక్షన్ ప్రకారం పిల్లల అశ్లీల దృశ్యాలను తయారుచేయడం, పంపడమే కాదు, వెతకడం, చూడటం, దింపుకోవడం కూడా నేరం. మొదటిసారికే 5 ఏళ్ల వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా పడవచ్చు. 2012లో వచ్చిన పోక్సో చట్టం 15వ సెక్షన్ అలాంటివి దగ్గర ఉంచుకోవడాన్ని శిక్షిస్తుంది. 2019లో దాన్ని ఇంకా గట్టిపరిచారు. 19వ సెక్షన్ ప్రకారం ఈ చట్టం కిందికి వచ్చే నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. మంచి ఉద్దేశంతో చెప్పినవారికి రక్షణ కూడా అందులోనే ఉంది. చెప్పకుండా దాచిపెడితే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. తన కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ పెద్ద దాస్తే ఆ శిక్ష ఇంకా ఎక్కువ. అధ్యక్షులవారూ, కార్యదర్శిగారూ, ఇది మీరు ముఖ్యంగా వినవలసిన మాట.

2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. చెన్నైకి చెందిన ఒక యువకుడి ఫోనులో ఇలాంటి వీడియోలు దొరికిన కేసు అది. కేవలం చూడటం, ఉంచుకోవడం నేరం కాదంటూ మద్రాసు హైకోర్టు ఆ కేసును కొట్టేసింది. సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దుచేసింది. "పిల్లల పోర్నోగ్రఫీ" అనే మాటే వాడవద్దని, అది పిల్లల మీద జరిగిన దోపిడీ, అత్యాచారాల సామగ్రి అని చెప్పింది. నిందితుడి దురుద్దేశాన్ని న్యాయస్థానం ముందుగా ఊహించుకోవచ్చని చట్టంలో ఉంది. కానీ ఆ ఊహ తప్పని రుజువు చేసుకునే హక్కు కూడా నిందితుడికి అదే చట్టంలో ఉంది. అది అతనికి తెలిసే అక్కడ ఉందా? అతని అదుపులో ఉందా? తెలిశాక ఏం చేశాడు? ఇవీ అడగవలసిన ప్రశ్నలు. గ్రూపులో ఒక సభ్యుడు పెట్టిన దానికి కేవలం అడ్మిన్ అయినందువల్ల ఒక మనిషిని నేరస్థుణ్ణి చేయలేమని 2022లో కేరళ హైకోర్టు ఇలాంటి కేసులోనే చెప్పింది.

గోప్యతకూ రక్షణ ఉంది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా ప్రకటించింది. ప్రభుత్వం అందులో జోక్యం చేసుకోవాలంటే దానికి చట్టం ఉండాలి, న్యాయమైన కారణం ఉండాలి, అవసరానికి మించకూడదు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టాల్లో సోదాను, స్వాధీనం చేసుకోవడాన్ని వీడియో తీయాలని ఉంది. కంప్యూటర్ రుజువుకు దాని హ్యాష్ విలువతో సహా ధ్రువీకరణ పత్రం జతచేయాలని ఉంది. హ్యాష్ విలువ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది. లోపల ఒక్క అక్షరం మారినా ఆ ముద్ర మారిపోతుంది. అందుకే మనం ఆత్రంతో ఫైళ్లు తెరిచి చూస్తే, చెరిపేస్తే, రుజువును మనమే పాడుచేసినవాళ్లం అవుతాం. దోషిని పట్టించే రుజువైనా, అమాయకుణ్ణి విడిపించే రుజువైనా పోతుంది.

మీలో కొందరి మనసులో ఒక మాట మెదులుతోందని నాకు తెలుసు. "పోలీసులకు చెబితే అసలువాడు తప్పించుకుని మన పిల్లవాడే ఇరుక్కుంటాడేమో." ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2007లో హైదరాబాదు మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకుపోయిన యువకుల్లో ఎంతోమంది తర్వాత నిర్దోషులుగా బయటికి వచ్చారు. నింద మెడలో పడటం ఎంత తేలికో, దాన్ని తీసి పారేయడం ఎంత కష్టమో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. కానీ ఆ జ్ఞాపకం మనకు నేర్పవలసింది దాచడం కాదు. పద్ధతి ప్రకారం చెప్పడం, చెప్పిన తర్వాత మన పిల్లవాడి పక్కన నిలబడటం. మనం దాచిపెట్టింది రేపు ఇంకొకరి నోట బయటపడితే, అప్పుడు ఆ పిల్లవాడితో పాటు సంస్థ మాట కూడా ఎవరూ నమ్మరు.

అందుకని కార్యవర్గం ముందు ఈ సూచనలు పెడుతున్నాను.

మొదటిది, కేంద్రంలో ప్రతి విద్యార్థికి వేరే లాగిన్ ఇవ్వాలి. ఎవరు, ఏ కంప్యూటర్ మీద, ఎప్పుడు కూర్చున్నారో రిజిస్టరులో సంతకం ఉండాలి. ఇది పిల్లల మీద నిఘా కాదు. రేపు తప్పుడు నింద వస్తే ఆ సంతకమే వారికి రక్ష.

రెండోది, యాంటీవైరస్, ఫిల్టరు చందాలు ఏటా తప్పకుండా కట్టాలి. కనెక్టికట్ టీచరమ్మ బతుకు తారుమారు కావడంలో ఒక చందా గడువు తీరిపోవడానికి కూడా పాలు ఉంది. దాతలు కంప్యూటర్ కొనివ్వడానికి ముందుకొస్తారు, చందా కట్టడానికి రారు. పేరు రాసుకోవడానికి చందా మీద చోటుండదు కదా!

మూడోది, పాత కంప్యూటర్ ఇచ్చే దాతలు దాని హార్డ్‌డిస్కును తెలిసినవారి చేత పూర్తిగా తుడిపించి ఇవ్వండి, లేదా హార్డ్‌డిస్కు తీసేసి ఇవ్వండి. అది మీ గోప్యతకూ మంచిది, మా పిల్లలకూ మంచిది.

నాలుగోది, ఏదైనా కనబడితే చూసినవారు ఇంకేదీ తెరవకూడదు, కాపీ చేయకూడదు, ఫొటో తీయకూడదు, అధ్యక్షులవారికి చూపుదామని కూడా ఎవరికీ పంపకూడదు. పంపితే అది మరో పంపకమే. ఉన్నది ఉన్నట్టు వదిలి, గదికి తాళం వేసి, సమయం రాసి, ముందే నియమించిన ఇద్దరు బాధ్యులకు మాత్రమే చెప్పాలి. ఆ ఇద్దరిలో ఒకరు మహిళ అయి ఉండాలి. వారు వెంటనే పోలీసులకు చెప్పాలి. పిల్లల కోసం 1098, అత్యవసరానికి 112 ఉన్నాయి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఇలాంటి ఫిర్యాదు పేరు చెప్పకుండా కూడా ఇవ్వవచ్చు.

ఐదోది, విచారణ పూర్తయ్యేదాకా ఎవరి పేరూ మసీదు వరండాలో గానీ, పెళ్లి భోజనాల దగ్గర గానీ, మన వాట్సాప్ గ్రూపులో గానీ రాకూడదు. బాధిత బిడ్డ పేరు బయటపెట్టడం ఎలాగూ నేరమే. ఆరోపణ వచ్చినవాడు పద్దెనిమిదేళ్ల లోపువాడైతే అతని పేరు బయటపెట్టడం కూడా చట్టవిరుద్ధమే. పెద్దవాడైనా, తీర్పు రాకముందు అతని పేరు మన దగ్గర ఉన్న అమానతు.

చివరిది మీకు, అంటే దాతలకు. మసాచుసెట్స్ ఉద్యోగి బయటపడింది ఖర్చుపెట్టుకోగలిగాడు కాబట్టి. మెకానిక్ షెడ్డులో పనిచేసే మన పిల్లవాడికి, బీడీలు చుట్టే తల్లి కొడుకుకి ఆ స్తోమత ఎక్కడిది? మహిళలకు, పిల్లలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి చట్టం ఇచ్చింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాలి, లేదా 15100కు ఫోను చేయాలి. ఈ సంగతి తెలియక ఎందరో అప్పులపాలవుతున్నారు. మన సొసైటీ ఒక చిన్న న్యాయ సహాయ నిధి పెట్టుకోవాలని, దారి చూపడానికి ఒక లాయరును, కంప్యూటర్ పరీక్ష తెలిసిన ఒక నిపుణుణ్ణి అందుబాటులో ఉంచుకోవాలని నా మనవి. అందులోంచి సాయం పొందే హక్కు మొదట బాధిత బిడ్డకు, ఆ బిడ్డ కౌన్సెలింగుకు, చదువుకు ఉండాలి. తర్వాత నింద మోస్తున్న పేదవాడికి ఉండాలి. ఇద్దరిలో ఎవరి మతమూ, కులమూ అడగకూడదు.

నేను చెప్పిందంతా మూడు మాటల్లో పెట్టుకోండి. వెతకవద్దు, దాచవద్దు, చాటవద్దు. ఇతరుల యంత్రాల్లో తప్పుల కోసం వెతకవద్దు. కంటబడిన నేరాన్ని దాచవద్దు. తేలని విషయాన్ని చాటవద్దు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఎవరో ఒకరు అన్యాయమైపోతారు.

మీరిచ్చిన ప్రతి రూపాయికీ అల్లాహ్ మీకు మంచి ప్రతిఫలం ప్రసాదించుగాక! ఆ రూపాయితో నడిచే మన కేంద్రం ఏ బిడ్డకూ హాని జరగని చోటుగా, ఏ అమాయకుడి మీదా నింద పడని చోటుగా ఉండుగాక! ఆమీన్.